వీఎంలో గ్రాఫిక్స్ కార్డు – 6వ పాఠం: చిటపటలాడే శబ్దం

పోయిన పాఠంలో లైనక్స్ మెషీన్‌లోని గ్రాఫిక్స్ కార్డును విండోస్ వీఎంకి (వర్చువల్ మెషీన్, అంటే కంప్యూటర్ లోపల నడిచే మరో కంప్యూటర్) అప్పజెప్పాం. బొమ్మ చక్కగా వస్తోంది. పాట పెడితే మాత్రం పోపులో ఆవాలు పేలినట్టు చిటపటలు. నాకిలా అయినప్పుడు హెచ్‌డీఎంఐ కేబుల్ మార్చాను, డ్రైవర్ మళ్లీ వేశాను. తేడా రాలేదు. ఎక్కువసార్లు తప్పు ఇంటరప్ట్ దగ్గర ఉంటుంది.

ముందు ఒకటి చూసుకోండి. కార్డు ఒకటే అయినా లైనక్స్ లెక్కలో అది కనీసం రెండు పరికరాలు. నా మెషీన్‌లో 01:00.0 బొమ్మది, 01:00.1 ఆడియోది. రెండోదాన్ని ఇవ్వడం మర్చిపోతే హెచ్‌డీఎంఐలో అసలు శబ్దమే రాదు.

ఇక చిటపటల సంగతి. బఫర్‌లో (శబ్దాన్ని ముందుగా పేర్చి ఉంచే చోట) ఒక ముక్క వాయించడం అయిపోగానే ఆడియో పరికరం ప్రాసెసర్‌ని పిలుస్తుంది. ఆ పిలుపే ఇంటరప్ట్. పాత పద్ధతిలో పిలుపు ఒక లైన్ మీద వస్తుంది. దాన్ని ముందు హోస్ట్ (వీఎంని నడిపే లైనక్స్) అందుకుని, లైన్‌ను మూసి, విండోస్ పని ముగించాక మళ్లీ తెరవాలి. ఈలోపు ఆలస్యమైతే కొత్త ముక్క వేళకు అందదు, శబ్దం తెగుతుంది. ఎంఎస్ఐ (మెసేజ్ సిగ్నల్డ్ ఇంటరప్ట్) పద్ధతిలో పరికరం ఒక మెమొరీ అడ్రస్‌కి చిన్న సందేశం రాస్తుంది, అంతే. లైన్‌ను మూసి తెరిచే పని ఉండదు.

వీఎం నడుస్తుండగా హోస్ట్‌లో సుడోతో (అడ్మిన్ హక్కులతో) ఎల్ఎస్‌పీసీఐ కమాండ్ (పీసీఐ పరికరాల జాబితా చూపేది, lspci -v) వివరంగా నడిపి, ఆడియో పరికరం కింద ఎంఎస్ఐ అన్న వరుస వెతకండి. ఎనేబుల్ పక్కన మైనస్ ఉంటే పాత పద్ధతిలోనే నడుస్తోంది. ఆ వరుసే లేకపోతే ఇక్కడితో ఆగండి. ఎంఎస్ఐ చేతకాని పరికరానికి బలవంతంగా పెడితే విండోస్ బూట్ కాకపోవచ్చు. అందుకే ఏదైనా మార్చే ముందు వీఎం డిస్క్ కాపీ తీసుకోండి. దయచేసి ఈ పని దాటేయకండి.

విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, ఆ ఆడియో పరికరం డీటెయిల్స్‌లో ఇన్‌స్టన్స్ పాత్ చూడండి. రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట) సిస్టమ్, కరెంట్‌కంట్రోల్‌సెట్, ఈనమ్, పీసీఐ వరుసలో దిగి అదే పేరు పట్టుకోండి. దాని డివైస్ పారామీటర్స్‌లో ఇంటరప్ట్ మేనేజ్‌మెంట్, అందులో మెసేజ్ సిగ్నల్డ్ ఇంటరప్ట్ ప్రాపర్టీస్. అక్కడ ఎంఎస్ఐ సపోర్టెడ్ (MSISupported) అనే డీవర్డ్ (అంకె దాచే రకం) విలువ 1 చేయండి. లేకపోతే సృష్టించండి, పేరు మధ్యలో ఖాళీ వద్దు. వీఎం రీస్టార్ట్ చేయండి.

ఇప్పుడు హోస్ట్‌లో ఆ మైనస్ ప్లస్ అయి ఉండాలి. డ్రైవర్ అప్‌డేట్ అయినప్పుడు ఈ సెట్టింగ్ చెరిగిపోవచ్చు, చిటపటలు తిరిగొస్తే మొదట ఇక్కడే చూడండి.

ప్లస్ వచ్చినా శబ్దం తెగుతుంటే, వీఎంకి ప్రాసెసర్ కోర్లు విడిగా కేటాయించాలి. అది 7వ పాఠం.