ఎన్‌సీసీ దరఖాస్తు: ఫారం కాదు, పేరే అసలు పరీక్ష

మొన్న జూన్‌లో బడి తెరిచిన వారానికే పక్క ఊరి నుంచి ఒకావిడ వచ్చింది. ఎనిమిదో తరగతి కూతురు వెంట ఉంది. పాపను ఎన్‌సీసీలో (నేషనల్ క్యాడెట్ కోర్, పిల్లలకు సైనిక తరహా శిక్షణ ఇచ్చే సంస్థ) రిజిస్ట్రేషన్ చేయిస్తానన్న ఎవరికో 1,500 రూపాయలు ఇచ్చిందట. చేతిలో తెల్లకాగితం మీద రాసిన రసీదు తప్ప ఇంకేమీ లేదు. పాప చదివే బడిలో అసలు ఎన్‌సీసీయే లేదు. ‘డబ్బులు కట్టేశాను కదండీ’ అని రెండుమూడు సార్లు అంది. ఏం చెప్పాలో వెంటనే తోచలేదు. మరో తల్లికి అలా జరగకూడదని ఇది రాస్తున్నాను.

ముందుగా తెలుసుకోవాల్సింది: ఎన్‌సీసీలో చేరడానికి ఫీజు లేదు. 1948లో పార్లమెంటు చట్టంతో పుట్టిన సంస్థ ఇది. రెండు తెలుగు రాష్ట్రాలకూ కలిపి డైరెక్టరేట్ సికింద్రాబాద్‌లో ఉంది. ఎన్‌సీసీ ఉన్న ప్రతి బడీ ఏదో ఒక ఎన్‌సీసీ యూనిట్ కింద, ఎక్కువగా బెటాలియన్ కింద ఉంటుంది. దరఖాస్తు బడిలోనే మొదలవుతుంది. నెట్ సెంటర్లో మొదలయ్యేదీ, బయటివాళ్లు ‘సీటు’ ఇప్పించగలిగేదీ కాదు.

హైస్కూల్లో మగపిల్లలు జూనియర్ డివిజన్లో, ఆడపిల్లలు జూనియర్ వింగ్‌లో చేరతారు. పన్నెండేళ్లు నిండి ఉండాలి, పద్దెనిమిదిన్నర దాటకూడదు. శిక్షణ రెండేళ్లు కాబట్టి ఎనిమిదిలో చేరడమే మేలు. తొమ్మిదిలో చేరితే, ఆ శిక్షణ చివర రాసే ‘ఎ’ సర్టిఫికెట్ పరీక్ష పదో తరగతి చదువు ఒత్తిడి మధ్యలో వచ్చి పడుతుంది.

ఎంపిక గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. బడిలో ఎన్‌సీసీ చూసే మాస్టారికి పేరివ్వాలి. ఆయన్నే ఏఎన్‌ఓ (అసోసియేట్ ఎన్‌సీసీ ఆఫీసర్) అంటారు. పరుగు, ఆరోగ్యం, నాలుగు మాటలు ధైర్యంగా చెప్పగలరా లేదా అన్నది చూస్తారు. ఎంపికైతే అధికారిక పోర్టల్ వివరాలు మాస్టారే ఇస్తారు. అందులో నింపినదాన్ని ఆయన సరిచూసి బెటాలియన్‌కు పంపుతారు, అక్కడ ఆమోదిస్తారు. ఫొటో, ఆధార్, పుట్టిన తేదీ రుజువు, డాక్టర్ ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్, అమ్మానాన్నల అంగీకార సంతకం, బ్యాంకు పాస్‌బుక్ సిద్ధంగా ఉంచుకోండి.

ఇక్కడిదాకా ఎవరికీ ఇబ్బంది రాదు. ఆగేదల్లా పేరు దగ్గరే.

మన పేర్ల సంగతి తెలిసిందే కదా. బడి రిజిస్టర్‌లో ఇంటిపేరు ముందుంటుంది, ఆధార్‌లో వెనక్కి పోతుంది, బ్యాంకులో ఒక్క అక్షరానికి కుదించుకుపోతుంది. రిజిస్టర్‌లో ‘బొమ్మిడి లక్ష్మీ ప్రసన్న’ అని ఉన్న అమ్మాయి ఆధార్‌లో ‘లక్ష్మి ప్రసన్న బి’, పాస్‌బుక్‌లో ‘బి ఎల్ ప్రసన్న’. ఇంగ్లిషు స్పెల్లింగ్‌లో లక్ష్మికి ఒకచోట ‘కె ఎస్ హెచ్’, ఇంకోచోట ‘ఎక్స్’. మనకు ముగ్గురూ ఒకటే. కంప్యూటర్‌కు ముగ్గురూ వేర్వేరు పిల్లలు.

అందుకే ఎంపికకు ముందే, వీలైతే వేసవి సెలవుల్లోనే ఈ పని చేయండి. ముందు బడికి వెళ్లి అడ్మిషన్ రిజిస్టర్‌లో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఎలా ఉన్నాయో అక్షరం అక్షరం కాగితం మీద రాసుకోండి. రేపు పదో తరగతి మెమోలో వచ్చేది ఆ పేరే. అది సరిగ్గా ఉంటే ఆధార్‌ను దానికి తగ్గట్టు మార్పించండి. రిజిస్టర్‌లోనే తప్పుంటే హెడ్మాస్టర్‌ను అడిగి అది ముందు సరిచేయించండి. తొందరపడి ఆధార్ కేంద్రానికి పరుగెత్తకండి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. ఒక అవకాశం తప్పు స్పెల్లింగ్‌కు పోతే మిగిలేది ఒక్కటే. కేంద్రంలో మీవైపు తిప్పిన తెర మీద చూడకుండా సరేననకండి. ఇంగ్లిషులో టైపు చేస్తే తెలుగు దానంతటదే పడుతుంది, దీర్ఘాలు మారిపోతుంటాయి. ఆపరేటర్‌ను ఆపి సరిచేయించండి. ఎంత రద్దీ ఉన్నా సరే, మొహమాటపడకండి.

తర్వాతిది బ్యాంకు ఖాతా. ఆంధ్రలో ‘తల్లికి వందనం’ డబ్బులు తల్లి ఖాతాలో పడతాయి కాబట్టి, ఇక్కడా చాలామంది తల్లి పాస్‌బుక్కే తెస్తున్నారు. యూనిఫాం కోసం ఖాతాలో వేసే భత్యానికి అది పనికిరాదు, ఖాతా కేడెట్ (ఎన్‌సీసీలో చేరిన పిల్ల లేదా పిల్లాడు) పేరునే ఉండాలి. పదేళ్లు దాటి, ఒకేలా సంతకం చేయగల పిల్లలకు స్టేట్ బ్యాంకులో ‘పహ్లీ ఉడాన్’ ఖాతా ఉంది. కేడెట్లకు ఆ ఖాతా ఇచ్చేలా ఎన్‌సీసీ, స్టేట్ బ్యాంకు ఒప్పందం చేసుకున్నాయి, కనీస నిల్వ అక్కర్లేదు. ఖాతా తెరిచేటప్పుడే ఆధార్ లింకు అడిగి చేయించండి. దరఖాస్తు వెనక్కి వచ్చిందని భయపడొద్దు. ఏది సరిపోలలేదో మాస్టారిని అడిగి, అదొక్కటి దిద్ది మళ్లీ పంపొచ్చు.

ఇంత శ్రమ దేనికంటారా? క్లాసులో నోరు విప్పని అబ్బాయి ఏడాది తిరిగేసరికి మైదానంలో యాభై మంది ముందు నిలబడి ‘సావధాన్’ అని గొంతెత్తడం నేను చూశాను. తన వెనక నడిచే చిన్నవాడికి బూటు లేసు కట్టి మరీ వరసలో నిలబెట్టేవాడు. ‘ఎ’ సర్టిఫికెట్ పరీక్షకు 75 శాతం హాజరు, ఒక క్యాంపు తప్పనిసరి. వీటిని కొనివ్వగలమనేవాళ్లు అమ్ముతున్నది నకిలీ కాగితమే.

క్యాంపు మాటొచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. 2024 ఆగస్టులో తమిళనాడు కృష్ణగిరి జిల్లాలో, ఎన్‌సీసీ లేని ఒక ప్రైవేటు బడిలో కొందరు ఎన్‌సీసీ పేరుతో నకిలీ క్యాంపు పెట్టారు. ఆడపిల్లల మీద లైంగిక దాడి జరిగింది. అందుకే మీ బిడ్డను క్యాంపుకు పంపేముందు మూడు చూడండి: ఎన్‌రోల్‌మెంట్ నంబరు వచ్చిందా, బెటాలియన్ ఉత్తర్వు ఉందా, ఆడపిల్లల వెంట మహిళా అధికారి వెళ్తున్నారా. అడిగితే ఎవరైనా విసుక్కుంటే పంపకండి.

బడిలో ఎన్‌సీసీ లేకపోతే పిల్ల విడిగా దరఖాస్తు పెట్టుకునే దారి సాధారణంగా ఉండదు. బడి తరఫున హెడ్మాస్టర్ బెటాలియన్‌కు రాసి మంజూరు అడగాలి. ఖర్చు బడే భరించేలా స్వయం ఆర్థిక పద్ధతి కూడా ఉంది. ఆ మొదటి తల్లికి ఇదే చెప్పాం. వాళ్ల హెడ్మాస్టర్ చేత ఉత్తరం రాయించి, బెటాలియన్ ఆఫీసులో ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకుని వచ్చింది. ఆ ముద్ర వేసినందుకు ఎవరూ రూపాయి అడగలేదు.