సగం మిగిలిన నోట్‌బుక్కులు పాత పేపర్లలో వేయకండి

ఏప్రిల్‌లో పరీక్షలు అయిపోగానే విజయవాడలో పాత పేపర్ల బండి మీద సగం కూడా రాయని నోట్‌బుక్కులు కనిపిస్తాయి. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. మా బడిలో సెలవులిచ్చే ముందే వాటిని పిల్లల చేత తెప్పిస్తాం.

తెల్ల కాగితాలను చింపకండి, ఒకటి చింపితే దాని జంట కూడా ఊడొస్తుంది. మధ్య పేజీ తెరిచి, స్పూన్ కాడతో పిన్నులు లేపితే జంట కాగితాలు అలాగే వచ్చేస్తాయి. 25 జంటలు కలిపి మడిచి, మడత మీద మూడు చిల్లులు పెట్టి దబ్బనంతో కుట్టండి. దబ్బనం పని పెద్దవాళ్లదే. అట్టకు పాత గోడ క్యాలెండర్ చాలు. జూన్ 12న బడి తెరిచేసరికి 100 పేజీల రఫ్ బుక్ సిద్ధం.

తీసిన పిన్నులు మాత్రం వెంటనే డబ్బాలో వేయండి, పిల్లలు చెప్పుల్లేకుండా తిరుగుతుంటారు.