ఇంగ్లీషు మాటల మూలాలు – నాలుగో పాఠం: చివరి ప్రత్యయం

పోయిన పాఠంలో మాట ముందు చేరే ఉపసర్గలను విడదీశాం. ఈసారి చివర చేరే ప్రత్యయాల వంతు. దీనికి ‘మస్కిటో’ను మించిన మాట నాకు తోచలేదు. దోమ పేరు పట్టుకుని బయలుదేరితే తుపాకీ దాకా వెళ్లవచ్చు.

మాట ఏ భాష నుంచి వచ్చిందో ముందు నిఘంటువులో చూడండి. మస్కిటో స్పానిష్ నుంచి 16వ శతాబ్దంలో ఇంగ్లీషులో చేరింది. అంతకు ముందు ఇలాంటి పురుగులను ఇంగ్లీషువారు ‘న్యాట్’, ‘మిడ్జ్’ అనేవారు. ఆ పాత మాటలు ఇప్పటికీ వాడుకలోనే ఉన్నాయి.

ఇప్పుడు చివరి ‘ఇటో’ను తీసేయండి. స్పానిష్‌లో అది చిన్నదనాన్ని తెలిపే ప్రత్యయం. మిగిలిన ‘మోస్కా’కు అర్థం ఈగ, లాటిన్‌లో ‘ముస్కా’. అంటే మస్కిటో చిన్న ఈగ అన్నమాట. జీవశాస్త్రం కూడా ఈగనూ దోమనూ డిప్టెరా అనే ఒకే క్రమంలో, రెండు రెక్కల కీటకాలలో చేర్చింది. పేరు పెట్టిన సామాన్యుల చూపు ఎంత నిశితమో చూడండి!

స్పానిష్‌లో ‘ఇల్లా’ కూడా ఇలాంటిదే. ‘గెర్రా’ యుద్ధమైతే, ‘గెరిల్లా’ చిన్న యుద్ధం. ‘వైనా’ అంటే కత్తి ఒర. సన్నని పొడుగాటి కాయను బట్టి వెనిల్లాకు ‘చిన్న ఒర’ అని పేరొచ్చింది.

ఇక తుపాకీ సంగతి. ఇటాలియన్‌లోనూ మోస్కా ఈగే. అక్కడి ప్రత్యయం ‘ఎత్తో’. ఈ రెండూ కలిసిన ‘మొస్కెత్తో’ ఒకప్పుడు యంత్రవిల్లుతో వదిలే బాణానికి పేరు. బాణాల కాలం పోయి తుపాకులు వచ్చాక పేరు వాటికి మారింది. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషు చేరి ‘మస్కెట్’ అయింది.

ఒక జాగ్రత్త. ధ్వని కలిసినంత మాత్రాన చుట్టరికం కలపకండి. నికరాగ్వా, హోండురస్‌ల తూర్పు తీరాన్ని మస్కిటో కోస్ట్ అంటారు. ఆ పేరు అక్కడి మిస్కిటో ప్రజలది, దోమలది కాదు. నిఘంటువు తెరవకముందే తీర్పు చెప్పే అలవాటు ఈ విద్యకు పెద్ద శత్రువు.

అభ్యాసం: ‘బరీటో’, ‘ఆర్మడిల్లో’ మాటలను ఇలాగే విడదీయండి. తరువాత, మంచం మీది పందిరిని చెప్పే ‘కేనపీ’ని గ్రీకు దాకా తీసుకెళ్లండి. అక్కడ ‘కోనోప్స్’ అనే దోమ కనిపిస్తుంది. దోమకూ పందిరికీ సంబంధం ఏమిటో రాసి ఉంచుకోండి. వచ్చే పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.