లాంగ్ రన్‌లో ఫోటోలు: పరుగు చెడకుండా, ఫోటో కదలకుండా

వారాంతపు లాంగ్ రన్‌లో, అంటే వారంలో అన్నిటికంటే ఎక్కువ దూరం పరుగెత్తే రోజున, ఫోటోలు తీయడం మొదలుపెట్టిన కొత్తలో నా ఫోటోలన్నీ పొగమంచులో తీసినట్టు వచ్చేవి. సూర్యుడి చుట్టూ తెల్లటి మసక, చెట్ల అంచులు చెదిరిపోయి ఉండేవి. ఒకరోజు ఆగి లెన్స్‌ని వెలుతురుకి పెట్టి చూస్తే అసలు సంగతి తెలిసింది. దాని మీద నా వేలి జిడ్డు, ఆరిన చెమట ఉప్పు. తడిసిన టీషర్టు అంచుతో తుడిస్తే ఇంకా పులుముకుంటుంది.

అందుకే కెమెరా సెట్టింగుల కంటే ముందు లెన్స్ సంగతి చూడండి. కళ్ళజోడు తుడిచే గుడ్డలోంచి అరచేతి సగమంత ముక్క కత్తిరించి, ఫోన్‌తో పాటు జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవర్‌ని రన్నింగ్ బెల్ట్‌లో దోపుకోండి. లెన్స్ ఒంటికి తగలకుండా బయటి వైపు ఉండాలి. ప్రతి స్టాప్‌లో ఫోటో తీసేముందు ఒకసారి తుడవాలి. ఏసీ గదిలోంచి నేరుగా ఉక్కపోతలోకి వస్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది, తుడిచినా మళ్ళీ పడుతుంది. ఫోన్ బయటి వేడికి వచ్చేదాకా ఆగడం తప్ప వేరే మార్గం లేదు. మొదటి రెండు కిలోమీటర్లలో నేను ఫోన్ బయటికే తీయను.

ఇక ఎక్కడ ఆగాలన్నది బయల్దేరే ముందే అనుకోవాలి. 24 కిలోమీటర్ల పరుగైతే నేను నాలుగు చోట్ల ఆగుతాను. అందులో రెండు ఎలాగూ నీళ్ళు తాగే చోట్లే. ప్రతి స్టాప్ నిమిషంలోపు ముగించాలి. 18వ కిలోమీటరు దాటాక ఎక్కువసేపు నిలబడితే నా పిక్కలు బిగుసుకుపోతాయి, మళ్ళీ కదలడం కష్టంగా ఉంటుంది. ఆ రోజు ప్లాన్‌లో మధ్యలో వేగంగా పరుగెత్తే భాగం ఉంటే అక్కడ ఫోటోల కోసం ఆగను. ఆ కిలోమీటర్లు ఆగకుండా పోవడమే అక్కడ శిక్షణ. ఫోటోలకి తేలిక పేస్‌లో, అంటే నెమ్మదిగా, పరుగెత్తే కిలోమీటర్లు చాలు.

వాచ్‌లో ఆటో పాజ్ ఉంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. ఆగిన సమయాన్ని అది లెక్కలోంచి తీసేస్తుంది కాబట్టి సగటు పేస్ (కిలోమీటరుకి పట్టే సమయం) ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది. రేసులో గడియారం మన కోసం ఆగదు. నేను మొత్తం పట్టిన సమయాన్నే చూసుకుంటాను.

వెలుతురు కోసం ఒక చిన్న లెక్క వేసుకోవాలి. సూర్యోదయం 6:10కి అనుకోండి. నాకు కావలసిన వంతెన తొమ్మిదో కిలోమీటరు దగ్గరుంది. కిలోమీటరుకి ఆరున్నర నిమిషాలు పడితే అక్కడికి చేరడానికి 58 నిమిషాల పైన పడుతుంది. అంటే 5:10కి మొదలుపెట్టాలి. అరగంట ఆలస్యమైతే ఆ మెత్తటి వెలుగు ఉండదు. సూర్యుడికి ఎదురుగా తీసేటప్పుడు స్క్రీన్ మీద ఆకాశాన్ని తాకి, వెలుతురు కొంచెం తగ్గించండి. వంతెన, మనుషులు నల్లటి ఆకారాలుగా, వెనక రంగులు నిండుగా వస్తాయి.

పరుగెత్తుతూ మాత్రం తీయకండి. ఫోటో చెడుతుంది, కాలు ఎక్కడ పడుతోందో కూడా చూసుకోలేం. ఆగినా వెంటనే నొక్కకండి. గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటూ ఉంటుంది, ఊపిరికి భుజాలు లేచి పడుతుంటాయి. మోచేతులు పక్కటెముకలకి ఆనించి, రెండు చేతులతో ఫోన్ పట్టుకుని, మూడు సార్లు నిండుగా ఊపిరి తీసి వదలండి. మూడోసారి వదిలాక, మళ్ళీ పీల్చే లోపు ఒక క్షణం ఒళ్ళు నిలకడగా ఉంటుంది. అప్పుడు నొక్కాలి. చెమట వేలికి స్క్రీన్ సరిగ్గా పలకదు కాబట్టి వాల్యూమ్ బటన్ వాడండి, చాలా ఫోన్లలో అది పనిచేస్తుంది. ఇంకా చీకటి ఉంటే ఫోన్‌ని ఏ రెయిలింగ్‌కో గోడకో ఆనించండి.

నాకు బాగా ఇష్టమైనది తోటి రన్నర్ల ఫోటోలు తీయడం. ఇక్కడ షట్టర్ స్పీడే ముఖ్యం, అంటే ఒక ఫోటోకి కెమెరా ఎంతసేపు వెలుతురు తీసుకుంటుందన్నది. గంటకి 10 కిలోమీటర్ల వేగంతో పోయే మనిషి సెకనులో దాదాపు 2.8 మీటర్లు జరుగుతాడు. మన ముందు నుంచి అడ్డంగా పోతుంటే, సెకనులో 60వ వంతులోనే 4.6 సెంటీమీటర్లు జరిగిపోతాడు, మొహం గీతలా సాగుతుంది. 1000వ వంతు పెడితే ఆ కదలిక మూడు మిల్లీమీటర్లు దాటదు. ఫోన్ కెమెరాలో ఈ సెట్టింగులు మనమే మార్చుకునే ప్రో మోడ్ ఉంటే కనీసం 500వ వంతు పెట్టండి. వెలుతురు అందుకు చాలకపోతే అడ్డంగా పోతున్నప్పుడు కాక, మన వైపు వస్తున్నప్పుడు తీయండి, మసక తక్కువ.

గొంతుకూర్చుని ఫోన్ మోకాలి ఎత్తులో పట్టుకుంటే మనిషి వెనక రోడ్డుకి బదులు ఆకాశం వస్తుంది. బర్స్ట్‌లో, అంటే వరసగా ఒకదాని వెంట ఒకటి, పది పదిహేను తీసి, రెండు పాదాలూ గాలిలో ఉన్నదాన్ని ఉంచుకోండి. మడమ నేలకి ఆనిన క్షణంలో ఎంత తేలికగా పరుగెత్తేవాళ్ళైనా బరువుగా కనిపిస్తారు. 20 కిలోమీటర్ల తర్వాత మొహం ఎలా ఉంటుందో అందరికీ తెలుసు, కాబట్టి ఎవరికైనా పంపే ముందు వాళ్ళకి చూపించండి. దారిలో కనిపించే పిల్లల్ని వాళ్ళ పెద్దవాళ్ళని అడగకుండా తీయకండి.

ఫోన్ తీసేముందు రోడ్డు దిగి పక్కకి రావాలి, ఇయర్‌ఫోన్లు తీసేయాలి. స్క్రీన్ చూస్తూ వెనక్కి అడుగులు వేయొద్దు. ఇంటి గుమ్మం దగ్గర తీసిన మొదటి ఫోటోని, దాని లొకేషన్‌తో సహా, అందరికీ కనిపించేలా పెట్టకండి. వారం వారం ఏ వేళకి ఎక్కడి నుంచి బయల్దేరతామో దాన్నిబట్టి తెలిసిపోతుంది.

ఇంటికి రాగానే కవర్ తెరిచి ఆరబెట్టండి, గుడ్డముక్క ఉతికేయండి. ఉప్పు పట్టిన గుడ్డతో వచ్చే వారం తుడిస్తే మళ్ళీ అదే తెల్లటి మసక.