బైక్, ఆటో, ట్రాక్టర్ మీద డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు: లైసెన్స్ తిరిగి తెచ్చుకునే విధానం

తాగి నడిపితే అసలు కేసు కారు వాళ్లకే, బైక్‌కైతే ఏదో ఫైన్ కట్టి బయటపడొచ్చు అని ఇప్పటికీ చాలామంది అనుకుంటున్నారు. ఆ నమ్మకంతోనే దళారుల చేతిలో పడుతున్నారు. ఎక్కువగా నష్టపోయేది ఆటో, వ్యాన్ నడుపుకుని బతికేవాళ్లు. రాత్రి సొంత బైక్ మీద ఇంటికెళ్తూ దొరికిపోతారు, తెల్లారాక ఆటో కూడా తీయలేని పరిస్థితి వస్తుంది. ఎందుకంటే లైసెన్స్ కార్డు ఒక్కటే. బైకు, ఆటో, కారు అన్నీ అందులోనే ఉంటాయి.

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్‌లో ఎన్ని చక్రాలు అన్న లెక్క లేదు. స్కూటర్, ఆటో, ఈ-రిక్షా, ట్రాక్టర్ అన్నీ మోటారు వాహనాలే. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉన్నట్టు తేలితే కేసు. మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, లేదా రూ.10,000 జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్ల వరకు జైలు, లేదా రూ.15,000 జరిమానా, లేదా రెండూ. తొక్కే సైకిల్, ఎడ్లబండి ఈ సెక్షన్ కిందికి రావు. 250 వాట్లలోపు మోటారుతో గంటకు 25 కిలోమీటర్లు దాటని చిన్న ఎలక్ట్రిక్ బండ్లకూ లైసెన్స్ అక్కర్లేదు. అలాగని ఏమైనా చేయొచ్చని కాదు. నిర్లక్ష్యంగా నడిపి జనానికి ప్రమాదం తెస్తే భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షన్ సైకిల్‌కీ వర్తిస్తుంది.

పట్టుబడిన చోట చేయాల్సింది తక్కువే. మెషీన్‌లో ఊదాక వచ్చే స్లిప్ మీద పేరు, సమయం, రీడింగ్ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి, ఫోన్‌లో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. ఊదనని మొండికేస్తే లాభం లేదు, ఆ నిరాకరణే మీకు వ్యతిరేకంగా పనికొస్తుంది. ఇంకో మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి: ఈ కేసుకి స్పాట్ ఫైన్ లేదు. అక్కడికక్కడే డబ్బు కట్టి రాజీ చేసుకునే నేరాల జాబితాలో 185 లేదు, కోర్టుకి వెళ్లాల్సిందే. "ఇక్కడే సెటిల్ చేస్తా" అని ఎవరన్నా అది మోసమే.

బండి గురించి టెన్షన్ వద్దు. వెంట తాగని మనిషి, లైసెన్స్ ఉన్నవారు ఉంటే బండి వారికి అప్పగించాలని, లేదంటే బంధువులను పిలిపించి ఇవ్వాలని తెలంగాణ హైకోర్టు 2021లో చెప్పింది. ఎవరూ రాకపోతే స్టేషన్‌లో పెడతారు. మర్నాడు ఆర్సీ, లైసెన్స్ ఉన్న మనిషితో వెళ్లి అడగండి.

తర్వాత కౌన్సెలింగ్, కోర్టు. హైదరాబాద్‌లోనైతే గోషామహల్, బేగంపేట ట్రాఫిక్ శిక్షణ సంస్థల్లో ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని హాజరవ్వాలి. ఇంట్లో చెప్పలేక ఈ దశలోనే కొందరు మొహం చాటేస్తారు. దయచేసి అలా చేయకండి, వాయిదాకి వెళ్లకపోతే వారెంట్ దాకా పోతుంది. లాయర్‌ని పెట్టుకునే స్తోమత లేనివాళ్లు న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100కి ఫోన్ చేసి అడగొచ్చు. జరిమానా కట్టిన రసీదు, తీర్పు సర్టిఫైడ్ కాపీ రెండూ తీసుకుని మరీ బయటికి రండి.

అసలు చిక్కు ఇక్కడి నుంచి మొదలవుతుంది. ఫైన్ కట్టేశాం, అయిపోయింది అనుకుంటారు. కానీ లైసెన్స్ సంగతి వేరే దారిలో నడుస్తుంది. 2019 సవరణ తర్వాత పోలీసులు కార్డు తీసుకుని, 19వ సెక్షన్ కింద లైసెన్స్ సస్పెండ్ చేసే చర్య కోసం ఆర్టీఏకి (లైసెన్సులిచ్చే రవాణా శాఖ ఆఫీసుకి) పంపొచ్చు. అప్పుడు మీకిచ్చే రసీదు కార్డు తీసుకున్నారనడానికి రుజువు మాత్రమే. కార్డు తిరిగి వచ్చేదాకా ఆ రసీదుతో బండి నడపకూడదని చట్టంలోనే రాసి ఉంది. అది జేబులో ఉంది కదా అని ఆటో తీసి మళ్లీ దొరికినవాళ్లు ఉన్నారు. సస్పెన్షన్ ఆర్డర్ వచ్చాక నడిపితే 182వ సెక్షన్: మూడు నెలల వరకు జైలు, లేదా రూ.10,000 జరిమానా, లేదా రెండూ.

సస్పెండ్ చేసే ముందు ఆర్టీఏ మీ మాట వినాలి. అందుకోసం షోకాజ్ నోటీసు (ఎందుకు సస్పెండ్ చేయకూడదో చెప్పమని అడిగే కాగితం) పంపుతుంది, అది వచ్చేది లైసెన్స్ మీద ఉన్న అడ్రస్‌కే. ఎప్పుడో ఖాళీ చేసిన అద్దె ఇంటికి నోటీసు వెళ్లి, జవాబు లేదని ఆర్డర్ అయిపోతుంది. కార్డు మీద పాత అడ్రస్ ఉంటే కేసు అయిన వెంటనే రసీదు కాపీతో ఆర్టీఏకి వెళ్లి, ఇప్పుడుంటున్న అడ్రస్ రాసి దరఖాస్తు ఇవ్వండి, దాని జిరాక్స్ మీద స్టాంపు వేయించుకోండి.

నోటీసుకి జవాబు పొడవుగా అక్కర్లేదు. నోటీసు నంబరు, తేదీ, కేసు నంబరు రాసి, "నాపై ఇంతకుముందు ఇలాంటి కేసు లేదు, కోర్టు విధించిన జరిమానా చెల్లించాను, రసీదు జతచేశాను" అనాలి. ఉంటే ఉంది అనే రాయండి, అబద్ధం రాస్తే రికార్డులో బయటపడుతుంది. డ్రైవింగే జీవనాధారమైతే ఇక్కడే ఒక విన్నపం చేర్చాలి. చట్టం ప్రకారం సస్పెన్షన్ లైసెన్స్‌లో ఉన్న అన్ని వాహన తరగతులకూ (బైక్, ఆటో, కారు వగైరా) ఉండొచ్చు, కొన్నిటికే పరిమితం కావొచ్చు. "నేరం మోటార్ సైకిల్ మీద జరిగింది, ఆటో నడిపే తరగతిని మినహాయించమని కోరుతున్నాను" అని స్పష్టంగా రాయండి. ఒప్పుకుంటారన్న గ్యారంటీ లేదు. తాగి నడపడానికి కనీసం మూడు నెలలు సస్పెండ్ చేయాలని సుప్రీంకోర్టు రోడ్డు భద్రతా కమిటీ 2015లోనే ఆదేశించింది కాబట్టి అధికారులు గట్టిగానే ఉంటారు. అయినా అడగనివాళ్లకి ఆ అవకాశం కూడా ఉండదు. ఆర్డర్ అన్యాయమనిపిస్తే చేతికందిన 30 రోజుల్లోపు అప్పీలు చేసుకోవాలి.

దళారులు వల వేసేది సరిగ్గా ఇప్పుడే. "కార్డు పోయిందని చెప్పి డూప్లికేట్ తీసిస్తా" అంటారు. అది పోలేదు, ఆఫీసులో ఉంది. పోయిందని రాసిచ్చే సంతకం మీది, దళారిది కాదు. సస్పెన్షన్‌లో ఉండగా ఇంకో లైసెన్స్‌కి దరఖాస్తు పెట్టడం కూడా 182 కింద నేరమే.

సస్పెన్షన్ గడువు తీరిన రోజే కార్డు దానంతటదే చేతికి రాదు. గుర్తింపు ఉన్న శిక్షణ కేంద్రంలో రిఫ్రెషర్ కోర్సు పూర్తి చేసి, ఆ సర్టిఫికెట్, ఆర్డర్ కాపీ, కోర్టు రసీదు, పోలీసులిచ్చిన రసీదు తీసుకెళ్లి దరఖాస్తు పెట్టాలి. కోర్సు గడువు తీరాక మొదలుపెడితే అన్ని రోజులు అదనంగా ఖాళీగా కూర్చోవాల్సి వస్తుంది కనుక సస్పెన్షన్ నడుస్తుండగానే చేరండి. కార్డు ఇచ్చేటప్పుడు కౌంటర్ దగ్గరే నిలబడి, మీ తరగతులన్నీ ఆన్‌లైన్ రికార్డులో మళ్లీ చెల్లుబాటులో ఉన్నట్టు చూపిస్తోందో లేదో అడిగి చూసుకున్నాకే బండి తీయండి.