1911 పిస్టల్ ఫీడింగ్ (తూటా చాంబర్‌లోకి ఎక్కడం), స్లైడ్ లాక్ (చివరి తూటా అయ్యాక స్లైడ్ వెనక నిలవడం) సమస్య చూసే ముందు జాగ్రత్తలు

- ముందు మేగజైన్ (తూటాలుండే పెట్టె) తీయండి, ఆ తర్వాతే స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ జరిగే భాగం) వెనక్కి లాగండి. ఈ వరుస తప్పితే ఇంకో తూటా చాంబర్‌లోకి (పేలే ముందు తూటా కూర్చునే చోటు) ఎక్కుతుంది. చాంబర్‌ను కంటితో చూడండి, వేలితో తడమండి. రెండుసార్లు చేయండి, దయచేసి బద్ధకించకండి.
- తూటాలు వేరే గదిలో ఉంచండి. ఫీడింగ్ పరీక్షకు డమ్మీ రౌండ్లే (పేలని నకిలీ తూటాలు) వాడండి.
- వేలు ట్రిగ్గర్‌కు దూరం.
- పిస్టల్ విప్పేటప్పుడు రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. రికాయిల్ స్ప్రింగ్ ప్లగ్ (స్లైడ్‌ను ముందుకు తోసే స్ప్రింగ్‌కు ఉండే మూత) ఎగిరి కంటికి తగలొచ్చు.
- పిస్టల్‌ను అనుమానించే ముందు మేగజైన్ మార్చి చూడండి. చివరి తూటా అయ్యాక స్లైడ్ స్టాప్‌ను (స్లైడ్‌ను వెనక ఆపే మీట) పైకి నెట్టేది మేగజైన్ ఫాలోవరే (మేగజైన్ లోపల తూటాల కింద ఉండే పలక). దాని స్ప్రింగ్ నీరసించినా, కాల్చేటప్పుడు బొటనవేలు స్టాప్‌పై ఆనినా స్లైడ్ వెనక నిలవదు.
- ఫీడ్ ర్యాంప్‌ను (తూటా చాంబర్‌లోకి జారే వాలు) మీరే అరగదీయకండి. అది గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే నిపుణుడు) పని.