పిన్‌బాల్ మిషన్ మూలన పడకుండా

ఇంట్లో పిన్‌బాల్ మిషన్ (వాలు బల్ల మీద ఉక్కు బంతిని కొట్టి ఆడేది) మీద మోజు ఆరు నెలల్లో తగ్గిపోయిందా? చాలాసార్లు తప్పు ఆటది కాదు, బంతి పరుగు మందగించడమే. భీమవరం, అమలాపురం వైపు గాలిలో తేమకి ఆ 27 మిల్లీమీటర్ల ఉక్కు బంతి మీద సన్నటి తుప్పు చుక్కలు పడతాయి. అవే ఆకురాయిలా బోర్డు రంగును గీకేస్తాయి. బంతిని గోటితో రాసి చూడండి, గరుకు తగిలితే కొత్తది వేసేయండి. అరగదీసి మళ్లీ వాడొద్దు.

బంతిని కొట్టే చిన్న రెక్క, అదే ఫ్లిప్పర్, బిగుసుకుంటే కుట్టుమిషన్ నూనె వెయ్యకండి, దయచేసి! నూనె దుమ్ముతో కలిసి జిగురై, కాయిల్ (తీగచుట్ట) లోపల ఆడే ఇనుప కడ్డీని, అంటే ప్లంజర్‌ను పట్టేస్తుంది. కాయిల్ లోపలి ప్లాస్టిక్ స్లీవ్ (తొడుగు) మార్చాలి, అంతే. తొంభైల నాటి మిషన్లలో చాలావాటికి తలభాగంలో మూడు పెన్సిల్ సెల్స్ ఉంటాయి. అవి కారితే సర్క్యూట్ బోర్డునే తినేస్తాయి, కాబట్టి ఏడాదికోసారి మార్చండి. వానాకాలంలో వారానికి రెండుసార్లైనా అరగంట ఆన్ చేసి ఉంచండి, ఆ వేడికి లోపలి చెమ్మ ఆరుతుంది.

బోర్డు వాలు మామూలుగా 6.5 డిగ్రీలు. చేయి తిరిగి, ఆట మరీ సులువైపోయిందనిపిస్తే వెనక కాళ్ల స్క్రూలు తిప్పి 7కి పెంచండి. బంతి వేగం పెరిగి మళ్లీ పట్టుగా ఉంటుంది.